చేతిపని సందేహాలు: ఓవెన్ డయల్‌ని నమ్మకండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాలిమర్ క్లే నగల గురించే. కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: అప్పా, మాది శ్రీకాకుళం. పిల్లల కేకుల కోసం కొన్న చిన్న ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) పాలిమర్ క్లే జుంకాలు కాల్చాను. ప్యాకెట్ మీద ఉన్నట్టే 130 డిగ్రీలు, అరగంట. తెల్లవి పైన గోధుమ రంగుకి తిరిగాయి. అయినా కొక్కెం తగిలించబోతే చిట్లిపోయాయి. క్లే మంచిది కాదా?

జవాబు: క్లేని తిట్టకు చెల్లీ, తప్పు వేడిది. పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోవడం చిన్న ఓటీజీల్లో మామూలే. పై కాయిల్ ఎర్రబడిందంటే దాని సెగ నేరుగా జుంకా నెత్తి మీద పడుతుంది. కింద ట్రే అప్పటికి ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. పైగా డయల్ చెప్పే 130 వేరు, లోపల ఉండే వేడి వేరు. మా ఇంటి ఓటీజీ 130 దగ్గర పెడితే 150 దాకా ఎగబాకి, కాయిల్ ఆరాక 115కి దిగుతుంది. ఇదంతా లోపల ఓవెన్ థర్మామీటర్ పెడితేనే తెలుస్తుంది. ఇంకో రంగు ప్యాకెట్ కొనే ముందు అది కొను.

పేరుకి క్లే గానీ మనం అనుకునే మట్టి కాదిది. పీవీసీ అనే ప్లాస్టిక్ పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ప్లాస్టిసైజర్, రంగులు. కుమ్మరి కుండలా తడి ఆరి గట్టిపడదు. సరైన వేడి సరిపడా సేపు తగిలితేనే ఆ పొడి రేణువులు ఒకదానితో ఒకటి కలిసి గట్టిగా అతుక్కుంటాయి. అది సగంలో ఆగిపోతే చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిరామిక్ టైల్ ఒకటి అటక మీద ఉండే ఉంటుంది. దాన్ని మధ్య అరలో పెట్టి, పక్కనే థర్మామీటర్ ఉంచి, ఓవెన్‌ని ఇరవై నిమిషాలు ముందే వేడి చెయ్యి. ముల్లు నిలకడగా ఉందనిపించాక జుంకాలు టైల్ మీదకి చేర్చి, పైన అల్యూమినియం ఫాయిల్‌ని గుడారంలా కప్పు. ఫాయిల్ జుంకాలకి తగలకూడదు. గడియారం అప్పటి నుంచి చూసుకో. ఎంత వేడి అన్నది ఏ కంపెనీది ఆ కంపెనీదే: ఫిమోకి 110 డిగ్రీలు, అరగంట, 130 మాత్రం దాటనివ్వకూడదు. స్కల్పీవాళ్ల ప్రీమోకి 135, ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట. రెండు కంపెనీల క్లే ఒకే ట్రేలో పెట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

జుంకాలతో పాటు అదే క్లేతో ఒక పలచని పట్టీ కూడా కాల్చు. పూర్తిగా చల్లారాక వంచి చూడు. వంగితే కాలినట్టు, విరిగితే మళ్లీ పెట్టు. ఎన్నిసార్లు కాల్చినా నష్టం లేదు, మాడనంతవరకు. వేడి మీద చూడకు, అప్పుడు ఎలాగూ మెత్తగానే ఉంటుంది. చిట్లిన జుంకాలు కూడా పారేయకు. లిక్విడ్ క్లే (జారుగా ఉండే పాలిమర్ క్లే) రాసి అతికించి మళ్లీ కాల్చితే నిలబడతాయి.

ప్రశ్న: మాకు ఓవెన్ లేదండి. కుక్కర్‌లో ఇసుక పోసి కేకులు చేస్తాం. అందులో కాల్చొచ్చా? (రాజాం)

జవాబు: వద్దు. కుక్కర్ అడుగున వేడి ఎంతుందో చూసుకునే దారి లేదు. ఈ క్లే మాడితే వచ్చేది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, కళ్లు, గొంతు మండిపోతాయి. ఎప్పుడైనా మాడిన వాసన వస్తే స్విచ్ కట్టేసి, కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చేయాలి. నీళ్లలో ఉడకబెడతామని ఇంకొకరు రాశారు. మరిగే నీళ్లు 100 డిగ్రీలు దాటవు కదా, చాలదు. మైక్రోవేవ్‌ కూడా కాదు, కన్వెక్షన్ మోడ్ ఉంటే అది మాత్రం వాడొచ్చు.

ప్రశ్న: తినేవి చేసే ఓవెన్‌లో ఇవి పెట్టొద్దని మా అత్తగారు గొడవ. మీరే తీర్పు చెప్పాలి. (బొబ్బిలి)

జవాబు: తీర్పు అత్తగారి వైపే! రెండో ఓవెన్ కొనే వీలు లేకపోతే, మూత గట్టిగా పట్టే అల్యూమినియం ట్రేలో పెట్టి కాల్చండి, తర్వాత ఓవెన్ తుడిచేయండి, అదే పూట వంట పెట్టకండి. ఆ ట్రే, క్లే ఒత్తిన అప్పడాల కర్ర, కత్తి మళ్లీ వంటింట్లోకి రాకూడదు. అప్పడాల కర్ర బదులు నున్నటి గాజు సీసా వాడితే ఆ గొడవా ఉండదు.

ప్రశ్న: మెరుపు కోసం నెయిల్ పాలిష్ రాశాను. నెల దాటినా జిగటగానే ఉంది. (పలాస)

జవాబు: ఆరదు. నెయిల్ పాలిష్‌లోని సాల్వెంట్ క్లేని మెత్తబరుస్తుంది. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 400, 600, 1000 నంబర్లు తెచ్చి, నీళ్లలో తడుపుతూ వరసగా రుద్ది, పాత జీన్స్ గుడ్డతో తోమండి. చాలకపోతే నీటితో కలిసే యాక్రిలిక్ వార్నిష్.

ప్రశ్న: విజయనగరంలో సిరిమానోత్సవం రోజుల్లో మా చెల్లీ నేనూ చిన్న స్టాల్ పెడదామనుకుంటున్నాం. బుడితి ఇత్తడిలా కనిపించే లోలాకులు క్లేతో వస్తాయా?

జవాబు: భేషుగ్గా వస్తాయి. నల్ల క్లే పలకగా ఒత్తి, మీద నమూనా అద్ది, కాల్చక ముందే బంగారు రంగు మైకా పొడిని (మెరిసే అభ్రకం పొడి) వేలితో పైపైన రాయండి. ఎత్తుగా ఉన్న చోట పొడి అంటుకుంటుంది, గుంటలు నల్లగా ఉండిపోతాయి. పాత ఇత్తడి చెంబు చాయ వచ్చేస్తుంది. రాసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. కాలాక వార్నిష్ తప్పనిసరి, లేకపోతే ఆ బంగారం కొన్నవాళ్ల భుజాల మీదకి దిగుతుంది. బొబ్బిలి వీణ ఆకారం కూడా చేయండి, మన ఊళ్లవాళ్లకి చూడగానే తెలుస్తుంది. మెట్లు పెట్టేంత ఓపిక ఉండాలి మరి.

సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి మీ పని వేసవిలోనే మొదలవుతుంది. మే ఎండకి క్లే చేతికి అంటుకునేంత మెత్తబడుతుంది. అప్పుడు తెల్ల కాగితాల మధ్య ఒత్తి ఉంచితే అదనపు నూనె కాగితం పీల్చుకుంటుంది, తర్వాత కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. చేతికంటిన రంగు తెల్లదానికి పాకకుండా తెల్ల రంగు పని ముందు, ఎరుపు చివర. పొందూరు ఖద్దరు కట్టుకుని మాత్రం కూర్చోవద్దు, పోగులన్నీ తెల్ల క్లే మీదే ఉంటాయి.

పెద్ద పూసల్లో ఫాయిల్ ఉండ పెట్టి పైన క్లే చుట్టండి, చెవికి బరువుండదు. కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. కొక్కేన్నీ లోలాకునీ కలిపే చిన్న జంప్ రింగ్‌ని పక్కలకి లాగి తెరవొద్దు, రెండు పకడులతో పట్టుకుని ఒక కొస ముందుకి, ఇంకో కొస వెనక్కి తిప్పండి. పక్కలకి లాగితే నోరు సరిగ్గా మూసుకోదు, ఆ జనంలో లోలాకు ఎక్కడ రాలిందో కూడా తెలియదు.