ఇన్‌స్టా పోస్టులు ముందే షెడ్యూల్ చేసుకుంటే చిన్న వ్యాపారానికి నిజంగా టైమ్ కలిసొస్తుందా?

బెంగళూరు హొరమావులో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతున్నానని, రోజూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఏదో ఒకటి పెట్టడానికే గంట పోతోందని రాశారు. షెడ్యూలింగ్ వల్ల కలిసొస్తుందా, డబ్బు కట్టి యాప్ తీసుకోవాలా, రీచ్, అంటే పోస్టు చూసే జనం, పడిపోతుందా అని అడిగారు. నాదీ మీ పనే అండి. రామ్మూర్తి నగర్‌లో మగ్గం వర్క్, బ్రైడల్ బ్లౌజులు చేస్తాం. మిగతా వ్యాపారాల సంగతి నాకెందుకు, మన పనికి పనికొచ్చేదే చెప్తాను.

కలిసొస్తుంది. కానీ ఆ ఘనత యాప్‌ది కాదు. పోస్టుకి గంట పడుతోందంటే అందులో షేర్ బటన్ నొక్కడానికి పట్టేది క్షణం. మిగతాదంతా గ్యాలరీలో ఫోటో వెతకడం, బాగా రాలేదని మళ్లీ తీయడం, కింద ఏం రాయాలా అని బుర్ర గోక్కోవడం, మధ్యలో పక్కవాళ్ల రీల్స్ చూస్తూ ఉండిపోవడం. ఇవన్నీ రోజూ కాస్త కాస్త చేస్తూ చివర్లో షెడ్యూల్ బటన్ నొక్కితే మీకు మిగిలేది ఏమీ ఉండదు. ఫోటోలు, రాతలు ఒక్కసారి కూర్చుని తేల్చుకుంటేనే మిగులుతుంది.

మా దగ్గర హుక్స్ కుట్టడం అయిపోయాక, కవర్లో పెట్టకముందే ఫోటో తీసేస్తాం. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట. ఫ్లాష్ వేస్తే జర్దోసీ అంతా తెల్లటి మచ్చలా వస్తుంది, చేసిన పని కనపడదు. వెనక నెక్ ఒకటి, చేతి బోర్డర్ దగ్గరగా ఒకటి, చీర మీద పరిచి ఒకటి తీస్తే చాలు. బ్లౌజుకి పిన్ను పెట్టిన చీటీ మాత్రం తప్పకుండా తీసేయండి. కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, కొలతలు అన్నీ దాని మీదే ఉంటాయి, జూమ్ చేస్తే ఎవరైనా చదివేస్తారు. పెళ్లికూతురి బ్లౌజు అయితే పెళ్లికి ముందు బయటపెట్టకూడదు కదా. ఆర్డర్ తీసుకునేటప్పుడే ముహూర్తం తేదీ, ఫోటో పెట్టుకోవడానికి పర్మిషన్ అడిగి రాసుకుంటాను. పోస్టు ఆ తేదీ దాటాక వెళ్లేలా పెట్టేస్తాను. గుర్తుపెట్టుకునే టెన్షన్ పోయింది.

ట్రయల్స్‌కి ఎవరూ రాని మధ్యాహ్నం చూసుకుని వారం పది రోజులవి ఒకేసారి ఎక్కించేస్తాను. రాసేది రెండు మూడు లైన్లే: ఏ బట్ట, ఏ వర్క్, ఎన్ని రోజులు పట్టింది, రేటు ఎంత నుంచి మొదలు. రేటు దాచి 'డీఎమ్ చేయండి' అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదే ప్రశ్నకి వందమందికి విడివిడిగా జవాబు చెప్తూ టైమ్ లేదంటారు! కన్నడలో కూడా ఒక లైను ఉండాలి. పక్కింటి కన్నడ ఆవిడకి చూపించి సరిచేయించుకోండి.

ఇక యాప్ విషయం. అకౌంట్‌ని ప్రొఫెషనల్‌గా (అంటే బిజినెస్ లేదా క్రియేటర్ రకంగా) మార్చుకుంటే ఇన్‌స్టాగ్రామ్‌లోనే షెడ్యూల్ ఆప్షన్ వస్తుంది. 75 రోజుల ముందు వరకు పెట్టుకోవచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. ఫేస్‌బుక్ పేజీ కూడా ఉంటే, రెండూ ఒకేచోట నడుపుకునే మెటా బిజినెస్ సూట్ వాడండి, అదీ ఉచితమే. అందులో ప్లానర్ అని క్యాలెండర్ ఉంటుంది, ఏ రోజు ఏది వెళ్తుందో ఒక్క చూపులో తెలుస్తుంది, స్టోరీలు కూడా ముందే పెట్టుకోవచ్చు. ఒక ఇబ్బంది ఏమిటంటే బిజినెస్ అకౌంట్‌కి సినిమా పాటలు చాలావరకు దొరకవు. పాట మీద నడిచే రీల్స్ అయితే ఇది ముందే చూసుకోండి. నేనైతే పాటలు మానేసి మగ్గం మీద సూది టకటకలాడే చప్పుడే ఉంచేస్తున్నాను, జనం దాన్నే ఎక్కువసేపు చూస్తున్నారు.

ఆ 75 రోజులు మన లైన్‌కి బాగా సరిపోతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవని చాలామంది పేజీ పడుకోబెట్టేస్తారు. శ్రావణంలో పెళ్లి ఉన్నవాళ్లు చీర కొని డిజైన్ కోసం వెతికేది సరిగ్గా అప్పుడే. పైగా బెంగళూరులో వరమహాలక్ష్మి (మన వరలక్ష్మీ వ్రతమే) హడావుడి మామూలుగా ఉండదు. కాబట్టి బ్రైడల్ ఫోటోలు ఆషాఢంలోనే వెళ్లేలా పెట్టుకోండి. ధనుర్మాసంలో కూడా ఇంతే, సంక్రాంతి తర్వాత పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లు అప్పుడే చూస్తుంటారు. పంచాంగం పక్కన పెట్టుకుని ప్లానర్ నింపితే సరి.

పెట్టేసి మర్చిపోవద్దు కానీ. 2021 అక్టోబర్ 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ పోయారు. ఇంకో వారంలో దీపావళి, అందరి ఆఫర్ పోస్టులూ క్యూలో ఉన్నాయి. కబురు తెలియగానే నేను ప్లానర్ తెరిచి అన్నీ వెనక్కి జరిపాను. మా వైపు ఒక బట్టల షాపు పేజీలో మాత్రం ఆ సాయంత్రం టపాసుల బొమ్మలతో డిస్కౌంట్ పోస్టు పడింది. దాని కింద వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. ఎవరూ కావాలని చేసి ఉండరు, క్యూ దాని పని అది చేసుకుపోయింది అంతే. 2023 సెప్టెంబర్ 26న కావేరి నీళ్ల గొడవ మీద బెంగళూరు బంద్ అప్పుడు ఇంకో రకం తలనొప్పి: 'ఈరోజు వచ్చి పికప్ చేసుకోండి' అనే పోస్టు బంద్ రోజున వెళ్తే ఎవరికి లాభం? అందుకే ప్లానర్ ఫోన్‌లో కూడా తెరుచుకునేలా పెట్టుకోండి, పొద్దున కాఫీ తాగుతూ ఆ రోజు ఏం వెళ్తుందో ఒకసారి చూడండి.

రీచ్ గురించి భయపడకండి. షెడ్యూల్ చేసినవాటికీ చేత్తో పెట్టినవాటికీ నా పేజీలో నాకు తేడా కనపడలేదు. పోస్టు పడ్డాక మొదటి గంటలో వచ్చిన కామెంట్లకి జవాబు ఇస్తే మాత్రం ఆర్డర్లలో తేడా తెలుస్తుంది. కాబట్టి మీరు మెషిన్ మీద కూర్చునే టైమ్‌కి కాకుండా, ఫోన్ చూడగలిగే టైమ్‌కే పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ లెక్కలు చూపించే ఇన్‌సైట్స్‌లో మీ ఫాలోవర్లు ఏ గంటల్లో ఎక్కువగా ఉంటారో చూసుకోండి. నాకు రాత్రి తొమ్మిది దాటాకే, ఆఫీసుల నుంచి ఇల్లు చేరి తిన్నాక.

నిజం చెప్పాలంటే మన టైమ్ ఎక్కువ తినేది వాట్సాప్. అక్కడ స్టేటస్ షెడ్యూల్ చేస్తామనే బయటి యాప్‌ల జోలికి పోకండి, నంబరు బ్లాక్ అయితే కస్టమర్లందరూ పోయినట్టే. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలు రాసిపెట్టుకోండి: రేట్లు ఒకటి, అడ్రస్ ఒకటి, కొలత బ్లౌజు ఎలా పంపాలో ఒకటి. షాపు మూసిన గంటల్లో దానంతట అదే వెళ్లే మెసేజ్ కూడా పెట్టుకోవచ్చు. చిక్‌పేటకి జరీ, పూసలు కొనడానికి వెళ్లిన రోజు నాకు అదే దిక్కు.

డబ్బు కట్టి యాప్ ఇప్పుడే వద్దు. గూగుల్‌లో మీ షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఒకే చోటి నుంచి చూసుకోవాలంటే బఫర్ అనే షెడ్యూలింగ్ యాప్‌కి ఉచిత ప్లాన్ ఉంది, మూడు అకౌంట్లు, ఒక్కోదానికి క్యూలో పది పోస్టులు. అలాంటిదే హూట్‌సూట్, దాని ఉచిత ప్లాన్ 2023లోనే తీసేశారు, పాత వీడియోలు చూసి దానికోసం వెతక్కండి. నెలకింత అని పోస్టులు పెట్టిపెడతామని ఎవరైనా వస్తే పాస్‌వర్డ్ చేతికి ఇవ్వకండి. బిజినెస్ సూట్ సెట్టింగ్స్‌లో వాళ్ల పేరు చేర్చి, పోస్టులు పెట్టేవరకే యాక్సెస్ ఇవ్వొచ్చు. మానేసిన రోజున ఆ పేరు తీసేస్తే సరిపోతుంది.