సెల్లారు తలుపు ఎప్పుడు తెరవాలి

కావలి,
ఆశ్వయుజ మాసం.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పిల్లల కోసం నెల్లూరు ఇంటి సెల్లారులో వేయించిన ఆటల గదిలో క్యారమ్ బోర్డు నడుమ ఉబ్బిపోయిందనీ, పౌడరు ఉండలు కడుతోందనీ, వేసవి అంతా సాయంత్రం పూట తలుపులు బార్లా తెరిచి ఫ్యాన్లు తిప్పినా ముక్కవాసన పోలేదనీ రాశావు. గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫయర్ ఏది కొంటే మంచిదని కూడా అడిగావు. ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు. నీళ్లు ఏ దారిన వస్తున్నాయో తెలుసుకోకుండా ఆ యంత్రం పెట్టడం, ఊటబావిని చెంబుతో తోడి ఎండగట్టాలని కూర్చోవడం వంటిది.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ముప్పై ఏళ్లు కాలువ గట్ల మీద తిరిగి, ఎక్కడ తడి కనిపించినా దాని ఊట ఎక్కడిదో చెప్పగలిగిన నేను, నా ఇంటి సెల్లారు గోడలో చెమ్మ ఎక్కడిదో మూడేళ్లు కనిపెట్టలేకపోయాను. మొదటి ఏడాది మేస్త్రి మాట విని గోడకు ఎనామిల్ రంగు వేయించాను. కార్తీకం వానలు ముగిసేసరికి ఆ రంగు అప్పడంలా పొంగి, వేలితో నొక్కితే లోపలి నుంచి నీళ్లు కారాయి. రెండో ఏడాది ఎవరో చెప్పిన రసాయనం పూయించాను, అదీ నిలవలేదు. చివరకు తేలిందేమిటంటే, ఆ గోడకు అవతల ఉన్న తాగునీటి సంపు అడుగున సన్నని పగులు ఉంది. మునిసిపాలిటీ నీళ్లు సంపులోకి, సంపు నీళ్లు నా గోడలోకి వెళుతుంటే, నేను గోడకు రంగులు మారుస్తూ కూర్చున్నాను.

కాబట్టి మొదట ఈ పరీక్ష చెయ్యి. రెండడుగుల చదరం పాలిథిన్ షీటును గోడ మీద, తడిగా కనిపించే చోట ఒకటి, పొడిగా కనిపించే చోట ఒకటి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించు. నేల మీద కూడా ఒకటి అంటించు. రెండు రోజుల తరువాత షీటుకూ గోడకూ మధ్య నీటి బిందువులు ఉంటే ఆ నీరు గోడలో నుంచి వస్తున్నదని అర్థం. గది వైపున తడి ఉండి లోపల పొడిగా ఉంటే ఆ నీరు గాలిలో నుంచి వస్తున్నది. రెండు వైపులా తడి ఉంటే ఆశ్చర్యపోవద్దు, మన ఇళ్లలో చాలాసార్లు జరిగేది అదే. వానలు పడక ముందు ఒకసారి, వానల నడుమ ఒకసారి ఈ పరీక్ష చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

గోడలో నుంచే వస్తున్నదని తేలితే, నేలలోని జల పైకి వచ్చిందని అనుకునే ముందు ఇంటి నీళ్లనే అనుమానించు. రాత్రి పడుకునే ముందు సంపులోకి వచ్చే వాల్వు, మోటారు రెండూ కట్టేసి, నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీసి, తెల్లవారాక చూడు. గీత కన్నా నీరు దిగి ఉంటే దొంగ దొరికినట్టే. మేడ మీది వాన నీటి గొట్టాలు గోడ మొదట్లోనే వదిలేసి ఉన్నాయేమో, మీ అమ్మ ముచ్చటపడి వేసిన పూల మొక్కల పాదులు సెల్లారు గోడను ఆనుకుని ఉన్నాయేమో కూడా చూడు. అక్క నా మీద కోప్పడినా సరే, ఆ పాదులు గోడకు నాలుగడుగులు దూరం జరగవలసిందే. ఇంటి చుట్టూ నేల గోడకు దూరంగా వాలి ఉండాలి. ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు, కానీ వీటిని చెప్పే కాంట్రాక్టరు నాకు ఇంతవరకు తారసపడలేదు.

గోడ బయటి వైపున కడప రాళ్లు పేర్చి, సందులు సిమెంటు పాలతో నింపే బాక్స్ వాటర్‌ప్రూఫింగ్ ఇల్లు కట్టేటప్పుడు చేయవలసిన పని. కట్టిన తరువాత మట్టి తవ్వి చేయించడం కష్టం, అందువల్ల లోపలి పూతలతోనే సరిపెట్టుకోవాలి. వాటిలో కాంక్రీటు రంధ్రాలలోకి చొచ్చుకుపోయి స్ఫటికాలుగా గట్టిపడే రకం పరవాలేదు. అయితే దానిని చౌడు పట్టిన పాత ప్లాస్టరింగు మీద కాకుండా, ఆ ప్లాస్టరింగును గీకించి, కాంక్రీటు బయటపడ్డాకనే పూయించాలి. గోడకు ప్లైవుడ్ పలకలు, నేలకు కార్పెట్ మాత్రం వద్దు. వాటి వెనుక బూజు పట్టినా కంటికి కనిపించదు.

ఇక గాలి సంగతి. నీవు వేసవి సాయంత్రాలు తలుపులు తెరిచానని రాసిన చోటనే నీ పొరపాటు ఉంది. దానిని కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోయగలదు. 40 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 51 గ్రాముల నీటిని పట్టుకోగలదు, 29 డిగ్రీల దగ్గర సుమారు 29 గ్రాములకు మించి పట్టుకోలేదు. తేమ మీటరు చూపే శాతం, ఆ పట్టుకోగలిగిన దానిలో ఎంత నిండిందో చెబుతుందే తప్ప, గాలిలో ఎన్ని గ్రాముల నీరు ఉందో చెప్పదు. ఇప్పుడు రోహిణి కార్తె మధ్యాహ్నాన్ని తలుచుకో. పడమటి వడగాలి 40 డిగ్రీలతో, 25 శాతం తేమతో వీస్తుంటే అందులో ఉన్న నీరు దాదాపు 13 గ్రాములే. ఆ గాలి నీ సెల్లారులోకి దిగి 29 డిగ్రీలకు చల్లబడినా తేమ 45 శాతం దగ్గర ఉంటుంది. సాయంత్రానికి గాలి తూర్పుకు తిరిగి, పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న సముద్రం మీది నుంచి చల్లగా వస్తుంది. ఒంటికి హాయిగా ఉంటుంది కనుక అందరం తలుపులు తెరుస్తాము. 33 డిగ్రీలతో 75 శాతం తేమతో ఉన్న ఆ గాలిలో దాదాపు 27 గ్రాముల నీరు ఉంటుంది. అది సెల్లారు గోడ దగ్గరకు చేరేసరికి తేమ 90 శాతం దాటుతుంది. అంటే మీరు ప్రతి సాయంత్రం ఫ్యాన్లు పెట్టి మరీ సముద్రపు నీటిని లోపలికి తోడుకున్నారన్నమాట.

ఈ లెక్కలన్నీ రోజూ వేయనక్కరలేదు. డ్యూ పాయింట్ చూపించే డిజిటల్ తేమ మీటర్లు రెండు కొని, ఒకటి ఆటల గదిలోనూ ఒకటి బయట నీడలోనూ పెట్టు. డ్యూ పాయింట్ అంటే, ఎన్ని డిగ్రీలకు చల్లబడితే గాలి చెమ్మగిల్లుతుందో చెప్పే అంకె. బయటి మీటరులో ఆ అంకె 20 డిగ్రీల లోపు ఉంటే తలుపులు తెరువు, దాటితే మూసి ఉంచు. నేను చెప్పిన వడగాలికి అది 16 దగ్గర ఉంటుంది, సముద్రపు గాలికి 28 దగ్గర ఉంటుంది. సంక్రాంతి రోజులలో తెల్లవారుజామున మంచు కురుస్తూ 20 డిగ్రీలు, 90 శాతం తేమ చూపిస్తున్నప్పుడు తలుపులు తెరవాలంటే నీకు భయం వేస్తుంది, కానీ ఆ గాలికి డ్యూ పాయింట్ 18 దగ్గరే కనుక, అది లోపలికి వచ్చి వేడెక్కాక తేమ 60 శాతం దగ్గరే ఆగుతుంది. వానలు పట్టిన ఆశ్వయుజ, కార్తీక మాసాలలో మాత్రం తెరవడానికి తగిన గంట దాదాపు దొరకదు.

చవక మీటర్లు తప్పు చూపవచ్చు, కనుక ముందు వాటిని పరీక్షించు. సోడా సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేటట్లు కొన్ని నీటి చుక్కలు వేసి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రంతా ఉంచు. తెల్లవారి అది 75 శాతం చూపించాలి. 80 చూపిస్తే ఆ మీటరు ఎప్పుడూ అయిదు ఎక్కువ చూపిస్తుందని గుర్తు పెట్టుకుంటే చాలు.

కారు పెట్టే చోటునూ ఆటల గదినీ ఒకటిగా వదిలేశావని నీ ఉత్తరం వల్ల అర్థమైంది. ర్యాంపు వైపు తెరిచి ఉండే ఆ చోటు తేమను ఎవరూ అదుపు చేయలేరు, చేయనక్కరలేదు కూడా. మధ్యలో గోడ లేపి, అంచులకు రబ్బరు పట్టీ ఉన్న తలుపు పెట్టించి, ఆటల గదిని మాత్రమే పొడిగా ఉంచుకో. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండవలసింది కారు వైపున, గాలిని బయటికి తోసేటట్లు. దానిని ఆటల గదిలో పెడితే, కారు ఇంజను పొగ తలుపు సందుల గుండా పిల్లలు ఆడుకునే గదిలోకి లాగబడుతుంది. ఆ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. సెల్లారులో ఇంజను ఆన్ చేసి ఉంచడం, కరెంటు పోయినప్పుడు జనరేటరు అక్కడ నడపడం ఎన్నడూ చేయవద్దు.

ఇవన్నీ అయ్యాకనే యంత్రం మాట. మన దేశంలో అమ్మే డీహ్యూమిడిఫయర్ల మీద రాసే రోజుకు ఇన్ని లీటర్లు అన్న అంకె చాలావరకు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినది. నీవు కోరుకునే 55 శాతం దగ్గర అది అందులో సగం తోడితే గొప్ప, అందువల్ల అట్ట మీది అంకె చూసి చిన్నది కొనవద్దు. దాని బకెట్టు రోజూ ఎవరు పారబోస్తారు? దాని గొట్టాన్ని, సెల్లారు నీళ్లు చేరే, పంపు ఉన్న గుంటలోకి వదులు. అది నడుస్తున్నప్పుడు గది కొంత వేడెక్కుతుంది, అది లోపం కాదు. ఏసీ ఉన్నదని ధీమా పడవద్దు. గదికి మించిన పెద్ద ఏసీ త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, నీటిని తీయడానికి దానికి వ్యవధి ఉండదు. 26 డిగ్రీల దగ్గర డ్రై మోడ్‌లో నడిపి చూడు. తేమను పీల్చే కాల్షియం క్లోరైడు డబ్బాలు బీరువాకు పనికివస్తాయి, గదికి కాదు.

క్యారమ్ బోర్డును గోడకు ఆనించి నిలబెట్టే అలవాటు మానిపించు. మా రోజుల్లో బోర్డు మీద వేలాడే వంద వాట్ల బల్బు వెలుగుతో పాటు వేడినిచ్చి పౌడరును పొడిగా ఉంచేది. ఇప్పటి ఎల్ఈడీ బల్బుకు ఆ గుణం లేదు.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన రోజులు నీకు గుర్తే. వానలకు ముందే ర్యాంపు పైన చిన్న గట్టు, దాని ముందు జాలీ కాలువ వేయించు. గుంటలో, నీరు పెరగగానే తనంతట తానే నడిచేలా ఫ్లోట్ స్విచ్ ఉన్న పంపు ఉండాలి, దానికి ఇన్వర్టరు లైను ఉండాలి, ఎందుకంటే కరెంటు పోయేది ఆ వానలోనే. స్విచ్ బోర్డులు ఛాతీ ఎత్తుకు పైన ఉండాలి, ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించు. ఒకవేళ సెల్లారు నిండితే, బయట నేల ఇంకా నిండి ఉండగా ఒక్కసారిగా తోడవద్దు. మీటరు ఎత్తు నీరు చదరపు మీటరుకు ఒక టన్ను బరువుతో తోస్తుంది. లోపలి నీరు ఎదురుగా ఆపకపోతే ఆ ఒత్తిడికి గోడైనా, నేలైనా పగలవచ్చు. బయటి నీరు దిగుతున్న కొద్దీ రెండడుగులు తోడి, ఒక రోజు ఆగి, మళ్లీ తోడాలి.

ఈ వారంలో పాలిథిన్ షీట్లు అంటించి, సంపు గీత చూసి, రెండు మీటర్ల అంకెలు పొద్దునా, మధ్యాహ్నం, రాత్రి పది రోజుల పాటు కాగితం మీద రాసి నాకు పంపించు. యంత్రం ఎంతది కావాలో, అసలు కావాలో వద్దో అది చూసి చెబుతాను. దీపావళికి వచ్చేటప్పుడు ఆ ఉబ్బిన బోర్డు కూడా కారులో వేసుకుని రా. ఎండలో పెట్టవద్దు. ఇక్కడ నీడలో, రెండు చదును పలకల మధ్య బరువు పెట్టి ఆరబెట్టి చూద్దాము.

ఇట్లు,
మీ మామయ్య