కండక్టర్ కథ రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఒకసారి చదివి, కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ చదివాను. అందుకే జవాబు ఆలస్యమైంది. రెండోసారి చదవకముందే నా మనసులో మిగిలిపోయిన చోటు ఒకటుంది. రిటైరైన మర్నాడు పొద్దున్నే మీ కండక్టర్ లేచి, జేబులోని చిల్లర బల్ల మీద పోసి, రూపాయలు, రెండ్లు, ఐదులు వేరుచేసి దొంతరలు పెడతాడు. భార్య కాఫీ తెచ్చి, చూసి, ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టి వెళ్తుంది. ఇంత బాగా చూసిన దానివి, ఆ వెంటనే "ఆయన గుండె బరువెక్కింది, కళ్లలో విషాదం అలుముకుంది" అని ఎందుకు రాశావు? పాఠకుడికి అందలేదేమోనని భయపడి ఉంటావు. అందింది. ఆ వాక్యం తీసెయ్యి.

కథ మూడో పేజీలో మొదలైంది. మొదటి రెండు పేజీల్లో ఆయన ఉద్యోగంలో చేరడం, పెళ్లి, బదిలీలు ఉన్నాయి. అవి రాయబట్టే ఆ మనిషి నీకు తెలిశాడు కాబట్టి ఆ శ్రమ వృథా పోలేదు. కానీ పాఠకుడికి వాటితో పని లేదు. నైట్ హాల్ట్ బస్సులో పడుకుంటే తెల్లవారకముందే ఊళ్లోవాళ్లు తలుపు తట్టి లేపడం, వేబిల్లు (అమ్మిన టికెట్ల లెక్క రాసే కాగితం) లెక్క తేలక చేతి డబ్బు కట్టడం, ఈ రెండూ ఉంచు. మిగతాది నోట్‌బుక్‌లో దాచుకో.

మీ కండక్టర్‌ది పాలకొండ వైపు ఊరన్నావు. మాట్లాడితే మాత్రం పేపర్లో వార్త చదివినట్టుంది. "రేపటి నుండి నేను విధులకు హాజరు కానవసరం లేదు" అంటాడు భార్యతో. ఏళ్ల తరబడి "ముందుకి జరగండమ్మా, చిల్లరుంటే తియ్యండి" అన్న నోరు అది. ఇంట్లో "రేపట్నుంచి డ్యూటీ లేదే" అంటుంది. యాస మొత్తాన్ని అక్షరాల్లో దింపాలని చూడకు, చదివేవాళ్లు తడబడతారు. ఆ మనిషి వాడే పదాలు, మాట ఎక్కడ ఆపుతాడో ఆ చోటు సరిగ్గా పడితే చాలు. బస్టాండులో ఓ గంట కూర్చుని విను. ఏమీ రాసుకోకు, ఊరికే విను.

వాక్యాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నువ్వు మార్చుకోగలవు. "అతను తన సంచిని తన భుజానికి తగిలించుకుని అతను డిపోకు వెళ్లాడు" అని రాశావు. తెలుగులో క్రియే మనిషిని చెప్పేస్తుంది. "సంచి భుజాన వేసుకుని డిపోకి వెళ్లాడు" అంటే ఎవరని ఎవరూ అడగరు. ఇంకోచోట డిపోలో వీడ్కోలు సభ "ఏర్పాటు చేయబడింది" అన్నావు. ఎవరు ఏర్పాటు చేశారు? తోటి కండక్టర్లు చందాలేసుకున్నారా, మేనేజర్ చెప్పాడా? ఆ "బడింది" తీసేస్తే కథలోకి కొత్త మనుషులు వస్తారు, వాళ్లకీ ఆయనకీ ఉన్న సంబంధం బయటపడుతుంది. వ్యాకరణంలో చిన్న మార్పే, కానీ కథ పెరుగుతుంది.

మన భాషలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి జాగ్రత్తపడకపోతే ప్రతి వాక్యమూ ఒకేలా ఆగుతుంది. నీ నాలుగో పేజీలో ఒక పేరా అంతా "డు, డు" అంటూ ముగుస్తుంది. కళ్లతో చదివితే కనబడదు, పైకి చదువు. కొన్ని వాక్యాలు కలిపెయ్యి. కొన్నింటికి క్రియే వద్దు: "చేతిలో టిమ్స్ మిషన్. భుజాన సంచి." (టిమ్స్ అంటే కండక్టర్ టికెట్లు కొట్టే మిషనే.)

చదవడం గురించి అడిగావు. శ్రీకాకుళం నీకు దగ్గరే కాబట్టి కథానిలయానికి వెళ్లు. కాళీపట్నం రామారావు గారు 1997లో కథల కోసమే పెట్టిన గ్రంథాలయం అది. ఎక్కువ చదివెయ్యాలని కంగారుపడకు. నచ్చిన కథ ఒక్కటి తీసుకుని నాలుగైదుసార్లు చదువు. ఫలానా మనిషి ఎన్నో పేరాలో వచ్చాడు, పేరు ఎప్పుడు చెప్పారు, ఒక రోజు నుంచి ఇంకో రోజుకి ఏ వాక్యంతో దాటారు, ఏది చెప్పకుండా వదిలేశారు అని గుర్తించు. కాలం దాటే చోటే కొత్తవాళ్లు ఎక్కువగా తడబడతారు. నువ్వు అక్కడ "కాలచక్రం గిర్రున తిరిగింది" అన్నావు. అలవాటైన మాట కాబట్టి చేతికి ఇట్టే వస్తుంది, అందుకే అనుమానించాలి. "ఆ దసరాకి కూతురి పెళ్లయింది" అంటే కాలమూ దాటుతుంది, ఇంటి సంగతీ తెలుస్తుంది.

తిరగరాస్తే మొదటి ఊపు పోతుందని నీ ఉత్తరంలో వాదించావు. ఈ ఒక్కదానికి నేను ఒప్పుకోను. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. అక్కడితో వదిలేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయినా ఆయన మళ్లీ కూర్చుని, చాలా పెంచి, చాలా మార్చి 1909లో ఇంకోసారి వేశారు. ఇవాళ మనం మధురవాణి అనగానే తలుచుకునే మనిషి ఆ రెండో కూర్పులో మధురవాణే. రెండు కూర్పులూ తెచ్చుకుని పక్కపక్కన చదువు. ఊపు ఎందులో ఎక్కువుందో నువ్వే చూడు.

నీ ముగింపు దగ్గర ఒక పేరా ఎక్కువైంది. ఆయన మామూలు ప్రయాణికుడిగా బస్సెక్కుతాడు. కొత్త కండక్టర్ "మీకెందుకు సార్ టికెట్" అంటే, సరిగ్గా లెక్కపెట్టిన చిల్లర చేతిలో పెడతాడు. అక్కడ ఆపెయ్యి. ఆ తర్వాత నిజాయితీ గురించి కూతురు అనుకున్నదంతా కొట్టెయ్యి, నాకది నువ్వు మాట్లాడినట్టే వినిపించింది.

ఉగాది పోటీ గడువు దగ్గరపడిందని టెన్షన్ పడుతున్నావు. ఈ కథని ఈసారి పంపకు, పోటీలు వచ్చే ఏడాదీ ఉంటాయి. దీన్ని ఓ నెల ముట్టుకోకుండా ఉంచి, తర్వాత పాత కాగితాలు చూడకుండా మొదటి నుంచి చేత్తో రాయి. గుర్తు రానిది చాలావరకు అక్కర్లేనిదే. ఆ ప్రతి నాకు పంపు. పాతదీ జతచెయ్యి, రెండూ కలిపి చదువుతాను. చదివేవాళ్లకి అర్థంకాదని డిపో మాటలు మాత్రం ఎక్కడా మార్చకు.

ఆశీస్సులతో,
మాస్టారు