పాలసీ పత్రంలోని మాటలు, వాటి వెనక లెక్కలు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పాలసీ పత్రం చేతికి రాగానే అందరూ బీమా మొత్తం చూస్తారు. నువ్వు ముందు పేర్లు చూడు. పాలసీదారు, బీమా ఉన్న మనిషి, నామినీ, ఈ ముగ్గురూ వేర్వేరు కావచ్చు. ప్రీమియం కట్టేదీ, పాలసీని ఏం చేయాలో తేల్చేదీ పాలసీదారు. ఎవరి ప్రాణం మీద బీమా ఉందో ఆ మనిషి పోతేనే క్లెయిమ్, ఆ డబ్బు అందుకునేది నామినీ. ఎవరి మీద పడితే వాళ్ళ మీద పాలసీ తీసుకోవడం కుదరదు. ఆ మనిషి పోతే తీసుకున్నవాళ్ళకు నష్టం కలగాలి. దీన్నే ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ అంటారు. ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్రాణాల మీద పందేలు కాస్తున్నారని బ్రిటన్ 1774లోనే దీనికి చట్టం చేసింది.

టర్మ్ పాలసీలో గడువు దాటి బతికి ఉంటే ఏమీ రాదు. అది మోసం కాదు, అందుకే దాని ప్రీమియం తక్కువ. మెచ్యూరిటీకి డబ్బు తిరిగొచ్చే పాలసీల్లోనే తికమకంతా.

బోనస్ సంగతే తీసుకో. 'వెయ్యికి 40' అంటే 4 శాతం వడ్డీ అనుకుంటారు. అది నువ్వు కట్టిన డబ్బు మీద కాదు, బీమా మొత్తం మీద. పైగా ఏటా చేతికి రాదు, చివర్లోనో, క్లెయిమ్‌లోనో కలుస్తుంది. దాని మీద మళ్ళీ బోనస్ రాకపోతే చక్రవడ్డీ కూడా లేనట్టే. 10 లక్షల పాలసీకి ఏటా 50 వేల చొప్పున 20 ఏళ్ళు కట్టావనుకో. అదే రేటు చివరిదాకా నిలిస్తే బోనస్ 8 లక్షలు, మొత్తం 18 లక్షలు. 'పది కడితే పద్దెనిమిది' అని చెబితే ఘనంగానే వినిపిస్తుంది. ఏ ఏటి కట్టుబడి ఎన్నేళ్ళు నిలిచిందో లెక్కేస్తే ఏడాదికి సుమారు 5.3 శాతం. రేటు నిలుస్తుందన్న హామీ కూడా లేదు.

మధ్యలో మానేస్తే ఏమవుతుందో కూడా ముందే తెలుసుకో. గడువు తేదీ దాటాక కొన్ని రోజులు గ్రేస్ ఉంటుంది. ఆ రోజుల్లో మరణం సంభవించినా బాకీ ప్రీమియం మినహాయించి క్లెయిమ్ ఇస్తారు. అదీ దాటితే ల్యాప్స్, అంటే బీమా ఆగిపోతుంది. పొదుపు కలిసిన పాలసీ అయితే, నిర్ణీత కాలం కట్టి ఉంటే, పెయిడప్ అవుతుంది, అంటే ఇక కట్టకపోయినా తగ్గిన బీమాతో సాగుతుంది: 20 వాయిదాల్లో 5 కట్టి ఆపితే 10 లక్షల బీమా రెండున్నర లక్షలకు దిగుతుంది. సరెండర్ అంటే దాన్నీ వదిలేసి అప్పటికప్పుడు డబ్బు తీసుకోవడం. మొదటి ఏళ్ళలో కట్టినంత కూడా రాదు, ఎందుకంటే కమీషన్, ఖర్చులు ఎక్కువగా పడేది ఆ ఏళ్ళలోనే. ల్యాప్స్ అయినదాన్ని రివైవల్ (పునరుద్ధరణ) చేయించుకోవచ్చు. పాత బాకీ, వడ్డీ, ఆరోగ్య ప్రకటన అడుగుతారు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. చెప్పని విషయాలు తవ్వి పాలసీని ప్రశ్నించడానికి సంస్థకు ఉండే గడువు (భారత్‌లో 3 ఏళ్ళు, అమెరికాలో సాధారణంగా 2) రివైవల్‌తో మళ్ళీ మొదలుకావచ్చు. భారత్‌లో అయితే మళ్ళీ మొదలవుతుంది.

అంచేత నా దృష్టిలో పాలసీ పత్రం కన్నా ముఖ్యమైనది ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మొదట నింపి ఇచ్చే దరఖాస్తు. క్లెయిమ్ తిరస్కరణకు దారితీసేవి తరచూ అందులోని ఖాళీలే: పొగతాగే అలవాటు, బీపీ మాత్రలు, పాత ఆపరేషన్, ఇప్పటికే ఉన్న పాలసీలు. ఏజెంట్ నింపినా సంతకం నీది, జవాబుదారీ నీదే. 'చిన్న విషయమే, వదిలెయ్' అంటే వినకు. చెప్పినందుకు ప్రీమియం పెరగవచ్చు, దాచినందుకు క్లెయిమే పోవచ్చు.

రైడర్ అంటే అసలు పాలసీకి అదనంగా తగిలించుకునేది. ప్రమాద మరణం రైడర్‌లో 'ప్రమాదం' అంటే ఏమిటో నిర్వచనం చదువు. బండి నడుపుతూ గుండెపోటుతో పోతే అది సాధారణంగా అందులోకి రాదు.

నామినీ మైనరైతే డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరూ రాయించాలి. అప్పు కోసం పాలసీని బ్యాంకుకు అసైన్ చేసినా, అంటే దాని మీద హక్కు రాసిచ్చినా, భారత చట్టం ప్రకారం నామినేషన్ రద్దు కాదు, బ్యాంకుకు రావలసినంత మేరకే నామినీ హక్కు తగ్గుతుంది. అప్పు తీరి పాలసీ తిరిగి నీ పేరుకు రాగానే నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసుకో.

చివరగా ఫ్రీ లుక్. పత్రం అందిన రోజు నుంచి కొన్ని రోజుల్లోపు (భారత్‌లో 30) నచ్చకపోతే రాతపూర్వకంగా తిప్పి పంపవచ్చు. స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, అన్నాళ్ళ బీమాకు అయ్యే ప్రీమియం పట్టుకుని మిగతాది ఇస్తారు. పత్రం వచ్చిన రోజే కవరు మీద తేదీ రాసిపెట్టుకో, దాంతోపాటు వచ్చిన ప్రపోజల్ ఫారం నకలు తీసి ప్రతి జవాబూ సరిచూసుకో.

ఇట్లు,
మీ పెద్దనాన్న