వంద దాకా చెబుతాడు, ఐదు ఇమ్మంటే గుప్పెడిస్తాడు

ప్రశ్న: మా బాబుకు మొన్ననే నాలుగేళ్లు నిండాయి. 1 నుంచి 100 దాకా గడగడా చెప్పేస్తాడు. కానీ పళ్లెంలోంచి ఐదు చింతపిక్కలు తీసివ్వమంటే గుప్పెడు తీసి చేతిలో పోస్తాడు. ఎల్‌కేజీలో అప్పుడే 50 దాకా రాయిస్తున్నారు. వెనకబడతాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: వెనకబడటం కాదమ్మా, ఆ వయసులో చాలామంది అక్కడే ఉంటారు. ఒకటో తరగతికి చెప్పి చెప్పి రిటైరైనదాన్ని. వంద దాకా అప్పజెప్పి, మూడు సుద్దముక్కలు తెమ్మంటే డబ్బా మొత్తం తెచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉండేవాళ్లు. వాళ్లకు అదొక పాట, ఆగకుండా పాడాలి, అంతే.

లెక్క తెలియడం వేరు. ముందు ఒకటి అర్థమవుతుంది, కొన్ని నెలలకు రెండు, ఇంకొన్ని నెలలకు మూడు. చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి ఆ తర్వాతే తలకెక్కుతుంది. నాలుగు పిక్కలు లెక్కపెట్టించి, వెంటనే “మొత్తం ఎన్ని నాన్నా?” అనండి. మళ్లీ ఒకటి, రెండు అని మొదలుపెట్టాడా, ఇంకా రాలేదన్నమాట. కసరకండి. మీరే చేత్తో అన్నిటినీ చుట్టి చూపించి “నాలుగు” అనండి.

కొన్నాళ్లు వందను పక్కన పెట్టి మూడు దగ్గర కూర్చోండి. “మూడు చెంచాలు తే”, “తాతయ్యకు రెండు బిస్కెట్లివ్వు”. తడబడకుండా తెస్తుంటే అప్పుడు నాలుగు. లెక్కపెట్టిన పిక్కనల్లా పక్కకు జరపనివ్వండి. ఊరికే వేలితో చూపిస్తే వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉంటాయి.

పిక్కలు ఎలాగూ ఉన్నాయి గనక వామనగుంటలు ఆడించండి. 14 గుంటల పీట లేకపోతే ఆరు గిన్నెలు చాలు. గెలుపోటములు ఇప్పుడే వద్దు. ఒకటి, రెండు అంటూ గుంటకొకటి చొప్పున వేసుకుంటూ పోతే మాటకో పిక్క అన్నది చేతికే అలవాటవుతుంది. ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు, ఆటయ్యాక పిక్కలు డబ్బాలో పోసెయ్యండి. ఒక్కటి గుర్తుంచుకోండి: అవే ఐదు పిక్కల్ని దూరదూరంగా పేరిస్తే “ఇప్పుడు ఎక్కువున్నాయి” అంటాడు. ఆరేడేళ్ల దాకా అలా అనడం మామూలే. పియాజే అనే స్విట్జర్లాండ్ పరిశోధకుడు ఈ సంగతి ఏనాడో చెప్పాడు.

ఇక బడిలో 50 దాకా రాయించడం నాకు నచ్చలేదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటలతోనే నేర్పమంది. టీచరమ్మతో మెల్లిగా ఆ మాటే అనండి. వినకపోతే వాడు రాసినంత రాయనివ్వండి, మిగతా పేజీ ఖాళీగా ఉంటే ఉండనీ.