ఇంధన గడ్డి వేయమంటున్నారు, నమ్మవచ్చా?

సందేహం: మూడెకరాల మెట్ట సరిగా పండక బీడు పెట్టాను. గడ్డి నుంచి గ్యాస్ తీసే ప్లాంటు వాళ్లు వచ్చి నేపియర్ గడ్డి (ఎత్తుగా పెరిగే పశుగ్రాసం) నాటమంటున్నారు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోతే, ముందు ముందు డీజిల్ స్థానంలో పంటల నుంచి తీసే ఇంధనాలే వస్తాయి, పర్యావరణానికీ మేలు అంటున్నారు. వేయమంటారా?

సలహా: వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజముంది. అయితే పంటను కాల్చి కరెంటు తీయడం కోసమే వేయడం మాత్రం నా దృష్టిలో దండగ. సోలార్ పలక తన మీద పడిన ఎండలో దాదాపు ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది. మొక్క ఒక శాతం నిలుపుకుంటే గొప్ప. అయితే విమానాలు, ఓడలు బ్యాటరీతో దూరాలు పోలేవు. వాటికి ద్రవ ఇంధనమో, గ్యాసో కావాలి. ఇంధన పంటలకు గిరాకీ వస్తే అక్కడే వస్తుంది.

ఇక మీ బీడు సంగతి. 2000 తర్వాత చాలా దేశాల్లో గింజల నూనెను డీజిల్‌కు బదులు వాడవచ్చని జట్రోఫా అనే మొక్కను ఇలాగే బీడు భూముల్లో నాటించారు. నీళ్లు లేకపోయినా బతుకుతుందన్నారు. బతికింది కూడా, కాయలే సరిగా కాయలేదు. కాసినవీ ఒక్కసారి పండవు కాబట్టి ఏరే కూలి తడిసి మోపెడైంది. గింజ విషం, నూనె తీశాక మిగిలే పిండి పశువులకూ పనికిరాదు. నేపియర్ అంత అధ్వానం కాదు, కొనేవాళ్లు లేకపోతే లేతగా కోసి పశువులకు వేయవచ్చు. కానీ వాళ్లు చెప్పే దిగుబడి తడులు, నత్రజని అందిన పొలంలోది, మీ బీడులోది కాదు. పైగా యూరియా గుమ్మరిస్తే నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు ఘాటు. ఇక పర్యావరణానికి మేలన్న మాటకు అర్థమేముంది?

రైతు ఎక్కువగా నష్టపోయేది తూకం దగ్గర. పచ్చి నేపియర్‌లో మూడొంతులకు పైగా నీరే. టన్ను గడ్డిలో ఎండు పదార్థం సుమారు 200 కిలోలే ఉంటుంది. అంటే ట్రాక్టరుకు మీరు కట్టే కిరాయి చాలావరకు నీళ్లు మోయడానికే. ప్లాంటు దూరమైతే ఈ పంట జోలికి పోకండి. దగ్గరే అయితే ధర పచ్చి బరువుకా, ఎండు బరువుకా, కోత ఎవరిది, ప్లాంటు ఆగిపోతే ఏం చేస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

తడి ఇవ్వగలిగితే ముందు అరెకరంలో, వానలు పడ్డాక రెండు కణుపుల ముక్కలు నాటి చూడండి. తర్వాత వద్దనుకుంటే దుబ్బులు ఒక పట్టాన ఊడిరావు, చాలాసార్లు దున్నాలి. ఆ ఖర్చు ఎవరు భరిస్తారో కూడా ఒప్పందంలో రాయించుకోండి.