స్వరం అంటే అచ్చా, గొంతా?

ప్రశ్న: ఒడియా మాధ్యమంలో మూడో తరగతి చదువుతున్న మా మనవరాలు అ, ఆ, ఇ, ఈ లను 'స్వరవర్ణాలు' అనీ, క, ఖ, గ లను 'వ్యంజనవర్ణాలు' అనీ అప్పజెబుతోంది. మనకు స్వరమంటే గొంతు, వ్యంజనమంటే అన్నంలో కలుపుకునే కూర కదా! ఏది సరి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మనవరాలిని దిద్దకండి. ఆమె చెప్పినది సంస్కృత వ్యాకరణంలో అనాదిగా ఉన్న అర్థమే. స్వర శబ్దానికి మూలమైన 'స్వృ' ధాతువుకు ధ్వనించడమని అర్థం. ఆ ధ్వని ఎత్తుపల్లాలను బట్టి వేదపాఠంలో ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే మూడింటినీ, సంగీతంలో షడ్జమం మొదలు నిషాదం వరకు ఏడింటినీ స్వరాలన్నారు. నోటిలో గాలికి అడ్డు తగలకుండా పలికే వర్ణాలకూ అదే పేరు పెట్టారు. 'స్వయం రాజంతే స్వరాః, అన్వగ్భవతి వ్యంజనమ్' అని పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన పతంజలి మహాభాష్యం. స్వరాలు తమంత తాము ప్రకాశిస్తాయి, వ్యంజనం వాటి వెంట నడుస్తుంది. ధాతువుతో నిమిత్తం లేని చమత్కారమే అయినా, పిల్లలకు ఇంత తేలికగా బోధపడే మాట మరొకటి నాకు కనబడలేదు.

కూర సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వ్యంజనమంటే వ్యక్తం చేసేది; అన్నానికి రుచి తెచ్చేది కనుక కూరకు ఆ పేరు వచ్చింది. వట్టి కూర ఎలా తినలేమో, అచ్చు తోడు లేని 'క్'ను పలకడమూ అంతే కష్టం.

తెలుగు బడిలోకి మాత్రం సంస్కృత వ్యాకరణకర్త పాణిని సంకేతాలు వచ్చాయి. వర్ణాలను వరసగా కూర్చిన 14 మాహేశ్వర సూత్రాలలో మొదటిదాని అకారం నుంచి నాలుగోదైన 'ఐఔచ్' చివరి చకారం దాకా పట్టి చెబితే 'అచ్'. ఐదోదైన 'హయవరట్'లోని హకారం నుంచి చివరి సూత్రంలోని లకారం దాకా చెబితే 'హల్'. వాటికి ఉకారం చేరి అచ్చు, హల్లు అయ్యాయి. వర్ణాలకు ఇలా వేరే పేరు స్థిరపడినందువల్లనే స్వరం మన వాడుకలో గొంతుకూ పాటకూ మిగిలిందని నా అభిప్రాయం. స్వరపరచడమంటే బాణీ కట్టడం. ఎవరైనా స్వరం మార్చారంటే ధోరణి మార్చారని.

ఇంకొక మాట. పదాలు అచ్చుతో ముగుస్తాయి కనుక తెలుగును అజంత భాష అంటాం. ఒడియాలోనూ చివరి అకారాన్ని హిందీలోలాగా మింగెయ్యరు: హిందీ 'ఘర్' (ఇల్లు) ఒడియాలో 'ఘర'. కాకపోతే ఆ అకారం మన ఒకారానికి దగ్గరగా వినిపిస్తుంది. ఇంట్లో మీరు అచ్చులనే నేర్పండి. పరీక్షలో మాత్రం స్వరవర్ణాలనే రాయమనండి.